హెచ్చరిక రాని రోజులు

2011 ఆగస్టు చివర్లో ఇరాన్‌లో ఒకతను జీమెయిల్ తెరవబోతే క్రోమ్ బ్రౌజర్ అడ్డుపడింది. ఈ సర్టిఫికెట్ చెల్లదు, జాగ్రత్త అంది. అతను విసుక్కుని దాటేసి పోలేదు. ఇదేమిటని నలుగురున్నచోట అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో కదిలిన డొంకకి వారం తిరక్కుండా నెదర్లాండ్స్ ప్రభుత్వానికి నిద్ర పట్టలేదు. మూడు వారాలు దాటేసరికి ఆ దేశంలో ఒక కంపెనీ దివాలా తీసింది.

ఈ కథని ఎప్పుడు చెప్పుకున్నా ఆ హెచ్చరిక గురించే చెప్పుకుంటారు. నన్ను పట్టి ఆపేది మాత్రం ఇంకో సంగతి. అదే నెలలో అదే దొంగ సర్టిఫికెట్ దాదాపు 3,00,000 ఐపీ అడ్రసుల దగ్గరికి వెళ్ళింది. వాటి వెనకున్న మనుషుల్లో చాలామందికి ఏ హెచ్చరికా రాలేదు. తాళం గుర్తు మామూలుగానే కనిపించింది. వాళ్ళు మామూలుగానే పాస్‌వర్డ్ కొట్టారు.

సర్టిఫికెట్ హెచ్చరిక అనగానే "దాన్ని ఎలా దాటాలి" అనే అడుగుతారందరూ. చరిత్ర తిరగేస్తే మాత్రం వేరే ప్రశ్న పైకొస్తుంది. బ్రౌజర్ ఊరుకున్నప్పుడు ఎవరి మాట మీద ఊరుకుంటోంది?

* * *

ముందు ఈ సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. 1976లో డిఫీ, హెల్‌మన్ ఒక కొత్త దారి చూపించారు. రహస్యంగా మాట్లాడుకోవాలంటే ఇద్దరూ ముందే కలిసి రహస్య సంకేతం పంచుకోనక్కర్లేదు, ఒక తాళంచెవిని బాహాటంగా అందరికీ ఇచ్చేయొచ్చు అన్నారు. బాగానే ఉంది. కానీ ఫలానా తాళంచెవి ఫలానావాడిదేనని ఎవరు చెప్పాలి? అందరి తాళంచెవులూ రాసిపెట్టిన ఒక పెద్ద పట్టిక ఉండాలన్నది మొదటి ఆలోచన. ప్రతిసారీ వెళ్ళి ఆ పట్టికని అడగటం అయ్యే పనా? 1978లో లోరెన్ కోన్‌ఫెల్డర్ అనే ఎంఐటీ విద్యార్థి తన బ్యాచిలర్స్ థీసిస్‌లో దీనికో ఉపాయం చెప్పాడు. పట్టికలోని ఒక్కో పద్దునీ చింపి, కింద సంతకం పెట్టి, సొంతదారు చేతికే ఇచ్చేద్దాం. అడిగినవాళ్ళకి అతనే చూపించుకుంటాడు. ఆ చీటీకి అతను పెట్టిన పేరే సర్టిఫికెట్.

ఇది మనకి తెలియని ఏర్పాటేం కాదు. మార్కుల మెమో జిరాక్సు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసరు కోసం తిరిగిన తరం మనది. ఆ ఆఫీసరుకి మనమెవరో తెలీదు. ఆ కాగితం తీసుకునే గుమాస్తాకి ఆఫీసరెవరో తెలీదు. మధ్యలో ఉన్నదల్లా ఆకుపచ్చ సిరా, ఒక రబ్బరు స్టాంపు. గుమాస్తా అవి చూసి నమ్మి ఫైల్లో పెట్టేస్తాడు.

బ్రౌజర్ ఆ గుమాస్తా లాంటిదే. ఎవరెవరి సంతకం చెల్లుతుందో దాని దగ్గరొక జాబితా ఉంటుంది. దాన్ని రూట్ స్టోర్ అంటారు. అందులో ఉన్న సంస్థలు నేరుగా గానీ, తమ కింది సంస్థల ద్వారా గానీ సైట్లకి సర్టిఫికెట్లు ఇస్తాయి. మెలిక ఎక్కడుందంటే, జాబితాలో ఉన్న ఏ సంస్థైనా ఏ సైటుకైనా సంతకం పెట్టొచ్చు. అనంతపురం ఆఫీసరు అటెస్టేషన్ శ్రీకాకుళంలో చెల్లినట్టు, ఎక్కడో సముద్రం పక్క చిన్న ఊళ్ళో ఉన్న కంపెనీ సంతకం గూగుల్ పేరు మీద కూడా చెల్లుతుంది. ఆ విషయం గూగుల్‌కి తెలియాల్సిన అవసరం కూడా లేదు. కొన్నేళ్ళ కిందటి వరకూ ఇదే పద్ధతి.

* * *

1995లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్లో ఈ ఏర్పాటు పెట్టినప్పుడు తెర మీద తాళం బొమ్మ లేదు, తాళంచెవి బొమ్మ ఉండేది. భద్రత లేని పేజీలో ఆ చెవి విరిగిపోయి కనిపించేది. తర్వాత డబ్బాలు మొదలయ్యాయి. సర్టిఫికెట్ తేదీ అయిపోయింది, కొనసాగాలా? పేరు కలవడం లేదు, కొనసాగాలా? ఓకే, క్యాన్సిల్. ప్రతి చిన్నదానికీ ఒక డబ్బా. నాన్నా పులి కథలో నాన్నకి ఏమైందో జనానికీ అదే అయింది. చదవకుండానే ఓకే నొక్కడం వేళ్ళకి అలవాటైపోయింది.

2008లో ఫైర్‌ఫాక్స్ 3 ఈ డబ్బాని తీసేసి పేజీ మొత్తాన్ని హెచ్చరికగా మార్చింది. దాటి వెళ్ళాలంటే నాలుగైదు చోట్ల నొక్కాల్సి వచ్చేది. తమ సర్టిఫికెట్ తామే తయారుచేసుకున్న చిన్న సైట్లవాళ్ళు గొడవ చేశారు. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ కలిసి లెక్కలు తీశారు. ఫైర్‌ఫాక్స్‌లో సర్టిఫికెట్ హెచ్చరిక చూసినవాళ్ళలో దాటేసి వెళ్ళిపోయింది మూడోవంతు. క్రోమ్‌లో 70.2 శాతం. మనుషులు హెచ్చరికల్ని పట్టించుకోరన్న మాట అంతకుముందు బాగా చలామణీలో ఉండేది. ఈ అంకెలు అది పూర్తిగా నిజం కాదన్నాయి. హెచ్చరిక ఎలా ఉందన్న దాన్నిబట్టి మనుషులు నడుచుకుంటారు. 2014లో క్రోమ్ కూడా దారి మార్చింది. వెనక్కి వెళ్ళే బటన్‌ని పెద్దగా పెట్టి, ముందుకెళ్ళే దారిని "అడ్వాన్స్‌డ్" అనే మాట కింద దాచేసింది.

కానీ హెచ్చరించడానికి కారణమూ ఉండాలిగా. 2017లో క్రోమ్ హెచ్చరికల మీద వచ్చిన ఇంకో అధ్యయనంలో, కారణం తేల్చగలిగిన వాటిలో సగానికి పైగా సైటు తప్పు కానేకాదని తేలింది. కంప్యూటర్లో గడియారం తప్పు, హోటల్ వైఫై లాగిన్ పేజీ, ఆఫీసు నెట్‌వర్కులోనో యాంటీవైరస్‌లోనో మధ్యలో దూరిన సాఫ్ట్‌వేర్ లాంటివే ఎక్కువ. ఫోన్లో తేదీ రెండేళ్ళు వెనక్కి ఉంటే, నిన్న ఇచ్చిన సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనట్టే లెక్క. పులి లేని రోజులే ఎక్కువన్నమాట. అసలు పులి ఎలా వస్తుందో ఇరాన్‌లో తెలిసింది.

* * *

నెదర్లాండ్స్‌లో బెవర్‌వైక్ అనే ఊళ్ళో డిజినోటార్ అనే కంపెనీ ఉండేది. నోటరీ వృత్తివాళ్ళతో కలిసి పుట్టింది కాబట్టి పేరులోనే నోటరీ ఉంది. డచ్చి ప్రభుత్వ సైట్లకి కూడా సర్టిఫికెట్లు ఇచ్చేది. 2011 జూన్‌లో ఎవడో అందులో జొరబడ్డాడు. జులై 10న గూగుల్ సైట్లన్నిటికీ పనికొచ్చే ఒక సర్టిఫికెట్‌ని ఆ కంపెనీ సంతకంతోనే తయారుచేసుకున్నాడు. మొత్తం 531 దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. జులై 19కి కంపెనీకి విషయం తెలిసింది. తనకి కనిపించినవాటిని రద్దు చేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది.

ఆ తర్వాత దర్యాప్తు చేసిన ఫాక్స్-ఐటీ అనే సంస్థ నివేదిక చదువుతుంటే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఒళ్ళు జలదరిస్తుంది. సర్టిఫికెట్లు సంతకం చేసే సర్వర్లన్నీ ఒకే విండోస్ డొమెయిన్లో ఉన్నాయి, ఒక పాస్‌వర్డ్ దొరికితే అన్నీ దొరికినట్టే. ఆ పాస్‌వర్డ్ తేలిగ్గా ఊహించి పట్టుకోగలిగేది. బయటి వెబ్ సర్వర్లలో సాఫ్ట్‌వేర్ పాతది. ప్రపంచం మొత్తానికి హామీ సంతకం పెట్టే ఆఫీసులో పచ్చసిరా సీసా వరండా గట్టు మీద ఉందన్నమాట.

మరి ఇరాన్‌లో అతనికి మాత్రం హెచ్చరిక ఎందుకొచ్చింది? ఆ ఏడాదే క్రోమ్‌లో గూగుల్ ఒక చిన్న మార్పు చేసి ఉంచింది. తన సొంత సైట్లకి ఎవరెవరు సంతకం పెట్టొచ్చో బ్రౌజర్ లోపలే రాసేసుకుంది. అందులో డిజినోటార్ లేదు. మిగతా బ్రౌజర్లకి ఆ ఎరుక లేదు. వాటి జాబితాలో డిజినోటార్ పేరు ఉంది, సంతకం అసలుదే, కాబట్టి ఊరుకున్నాయి. సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుందా అని అప్పట్లో బ్రౌజర్లు ఇచ్చిన కంపెనీనే అడిగేవి కదా, ఆ అడిగిన లాగ్ డిజినోటార్ దగ్గరే మిగిలింది. 3,00,000 అంకె వచ్చింది దాంట్లోంచే. ఆగస్టు 4 నుంచి 29 వరకు. అందులో 99 శాతానికి పైగా ఇరాన్ నుంచే. రెండేళ్ళ కిందట, 2009 ఎన్నికల తర్వాత, జనం వీధుల్లోకొచ్చిన దేశం అది. అక్కడ మెయిల్ పాస్‌వర్డ్ పోవడమంటే బ్యాంకులో డబ్బు పోవడం లాంటిది కాదు.

సెప్టెంబర్ 3న అర్ధరాత్రి దాటాక డచ్చి మంత్రి పీట్ హైన్ డోనర్ విలేకరుల్ని పిలిచి, ప్రభుత్వ సైట్ల సర్టిఫికెట్లకి కూడా ఇక భరోసా ఇవ్వలేమన్నాడు. అన్ని బ్రౌజర్లూ తమ జాబితాల్లోంచి డిజినోటార్‌ని కొట్టేశాయి. సెప్టెంబర్ 20న కంపెనీ దివాలా.

* * *

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోవడానికి లేదు. మూడేళ్ళకి మన వంతు వచ్చింది.

ఐటీ చట్టం, 2000 కింద మన దేశంలో కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ అనే కార్యాలయం ఉంది. క్లుప్తంగా సీసీఏ. ప్రభుత్వ సైట్లు నడిపే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కి సర్టిఫికెట్లు ఇచ్చే అధికారం దాని ద్వారానే వచ్చింది. 2014 జులై 2న, ఎన్ఐసీ పేరు మీద కొన్ని గూగుల్ సైట్లకి అనధికార సర్టిఫికెట్లు ఉన్నాయని గూగుల్ కనిపెట్టింది. మర్నాడే సీసీఏ ఎన్ఐసీ అధికారాన్ని రద్దు చేసింది. ఎన్ఐసీలో సర్టిఫికెట్లిచ్చే ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని, నాలుగు సర్టిఫికెట్లు పక్కదారి పట్టాయని, మూడు గూగుల్‌వీ ఒకటి యాహూదీ అని చెప్పింది. ఆ నాలుగులో లేనివి కూడా తమకి కనిపించాయని గూగుల్ అంది. వాటిని పెద్దయెత్తున వాడిన జాడ లేదని కూడా అంది.

అప్పట్లో సీసీఏ పేరు మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండేది కాబట్టి విండోస్ మీద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లాంటివి ఆ సంతకాన్ని నమ్మేవి. ఫైర్‌ఫాక్స్ జాబితా వేరు, అందులో సీసీఏ లేదు, అది నమ్మేది కాదు. ఒకే టేబుల్ మీద, ఒకే కంప్యూటర్లో రెండు బ్రౌజర్లు. ఒకటి అరిచేది, ఒకటి ఊరుకునేది. తర్వాత గూగుల్ ఒక గీత గీసింది. సీసీఏ సంతకం ఇకపై క్రోమ్‌లో గవ్ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ లాంటి ఏడు డొమెయిన్లకే చెల్లుతుందని. ఒక సార్వభౌమ దేశపు సంతకానికి ఒక కంపెనీ ఇలా హద్దులు పెట్టడం చూస్తే ఎవరికైనా చిరాకేస్తుంది. నాకూ వేసింది. కానీ ఆ గీత లేకపోతే ప్రమాదంలో పడేది మన మెయిళ్ళేనన్నది కూడా కాదనలేను.

* * *

ఈ దెబ్బలతో వచ్చిన మంచి మార్పు ఒకటుంది. దాని పేరు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ. బెన్ లారీ, ఆడమ్ లాంగ్లీ వాళ్ళు 2013లో దాని నమూనా ప్రకటించారు. 2018 ఏప్రిల్ తర్వాత ఇచ్చే సర్టిఫికెట్లన్నిటికీ క్రోమ్ దాన్ని తప్పనిసరి చేసింది. తెలుగువాళ్ళకి దీన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఈసీ తీయడం. స్థలం కొనేముందు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీసి, దాని మీద ఎవరెవరి పేరు ఎక్కిందో చూసుకుంటాం కదా. అలాగే ప్రతి సర్టిఫికెట్టూ చెరపడానికి వీల్లేని బహిరంగ చిట్టాలో ఎక్కాలి. తన సైటు పేరు మీద ఎవడైనా దొంగ కాగితం పుట్టించాడేమో సొంతదారు ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఆఫీసరు దొంగ సంతకం పెట్టకుండా ఇది ఆపలేదు. పెడితే దొరికిపోతాడు, అంతే. ఆ "అంతే" చాలా పెద్దది.

ఇంకోపక్క లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 నుంచి ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తోంది. 2018లో క్రోమ్ పాత పద్ధతి సైట్లన్నిటికీ "నాట్ సెక్యూర్" ముద్ర వేసింది. 2023లో ఆ తాళం బొమ్మనే తీసేసింది. భద్రత మామూలు విషయమైపోయాక దానికో గుర్తెందుకన్నది వాళ్ళ వాదన. ఒకప్పుడు మంచిదానికి గుర్తు వేసేవాళ్ళు, ఇప్పుడు చెడ్డదానికే వేస్తున్నారు. కాబట్టి హామీ భారమంతా మౌనం మీదే పడింది.

అందుకే ఆ జాబితాలో ఎవరుండాలన్న తగాదా ఆగదు. 2019 జులైలో కజకిస్తాన్ ప్రభుత్వం తన సొంత రూట్ సర్టిఫికెట్‌ని ఫోన్లలో పెట్టుకోమని పౌరులకి చెప్పింది. ఆగస్టులో గూగుల్, మొజిల్లా, ఆపిల్ దాన్ని తమ బ్రౌజర్లలో అడ్డుకున్నాయి. 2023 ఆగస్టులో మన కేంద్ర ఐటీ శాఖ స్వదేశీ బ్రౌజర్ కోసం పోటీ పెట్టింది. సీసీఏ రూట్ సర్టిఫికెట్ ఆ బ్రౌజర్ జాబితాలో ఉండాలన్నది ఒక ముఖ్యమైన షరతు. 2025లో జోహో దాన్ని గెలిచింది. మన వెబ్‌సైట్లకి ఎవరు హామీ ఉండాలో అమెరికాలో నాలుగు కంపెనీలే ఎందుకు తేల్చాలన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మాత్రం మన పేరు జాబితాలో చేర్చడంతో అయిపోదు. సంతకం పెట్టే చేతిని ఎవరైనా తనిఖీ చేయగలగాలి. చిట్టా తెరిచి ఉండాలి. తప్పు జరిగితే, జులై 19న డిజినోటార్ చేసినట్టు ఊరుకోకుండా, ఆ రోజే బయటికి చెప్పాలి.

ఇక మన సంగతి. ఎర్ర హెచ్చరిక వస్తే ముందు ఫోన్లో తేదీ చూడండి. ఊళ్ళో ఉచిత వైఫై మీద ఉంటే దాన్ని ఆపి చూడండి. తేదీ అయిపోయిందంటోందా, పేరు కలవలేదంటోందా, సంతకం ఎవరిదో తెలీదంటోందా చదవండి. మూడూ వేర్వేరు మాటలు. ఒక దరఖాస్తు సైటు తన సూచనల్లోనే "అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రొసీడ్ కొట్టండి" అని రాసుకోవడం నేను చూశాను. అలాంటిచోట ఆధార్ నంబరు ఇచ్చేముందు ఆగడమే మేలు. హెచ్చరిక రాని రోజు కూడా ఎప్పుడైనా ఒకసారి అడ్రసు పక్కనున్న గుర్తు నొక్కి, సర్టిఫికెట్ తెరిచి, కింద సంతకం ఎవరిదో చూడండి. మీరు జన్మలో వినని పేరొకటి కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ మీ పాస్‌వర్డులన్నీ ఆ పేరు పూచీ మీదే పోతున్నాయి.