క్రీతానుశయము: అమ్మిన సరకు మరలి వచ్చుట

కొన్నవాడు మరునాడు సరకును తెచ్చి అంగడి గడపమీద పెట్టి "ఇది నాకు వలదు, నా సొమ్ము నాకిమ్ము" అనుట లోకమునకు క్రొత్త గాదు. ఈ తగవునకు మన ధర్మశాస్త్రకారులు పేరు కూడ పెట్టియున్నారు. అనుశయమనగా చేసిన పనికి పిమ్మట మనసున గలుగు వగపు. కొని వగచుట క్రీతానుశయము. అమ్మి వగచుట విక్రీతానుశయము. రాజు విచారింపదగిన వ్యవహారపదములు పదునెనిమిదింటిలో మనువు దీనిని ఒకదానిగా లెక్కించెను. అప్పుల తగవు, పొలిమేర తగవు, దొంగతనము ఉన్న పట్టికలోనే ఇదియు ఉన్నది.

నేడీ పాత తగవును ఎత్తుకొనుటకు కారణము కలదు. మన పల్లెలయందలి పడుచువారు ఇప్పుడు ఇంట కూర్చుండియే చేతిలోని టెలిఫోనుతో చీరలను, పచ్చళ్లను, పాత నాణెములను వేలము వేయుచున్నారు. కొనువాడు ఢిల్లీలో నుండును. అమ్మువాడు కృష్ణ యొడ్డున నుండును. ఒకరి ముఖ మొకరు చూడరు. సరకు మరలివచ్చినపుడు పెద్దలవద్దకు వచ్చి "ఇది న్యాయమా?" యని అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు చరిత్రలో ఏ సమాధానములు కలవో చెప్పుదును.

ముఖము చూడని వర్తకము మన సీమకు క్రొత్త యనుకొనరాదు. నేటి పల్నాడు జిల్లాలో, అమరావతికి ప్రక్కనే యున్న ధరణికోటయే పూర్వపు ధాన్యకటకము. 1962లో ఆరంభమైన త్రవ్వకములలో పురావస్తుశాఖవారికి ఇచ్చట కృష్ణానదితో కలిసియుండిన కాలువయు, దాని నానుకొని ఇటుకలతో కట్టిన రేవుకట్టయు కనబడినవి. నావలు కోటవద్దకే వచ్చి సరకు దించెడివన్నమాట. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన 'పెరిప్లస్' అను గ్రంథమున మన తీరమునకు మసాలియా యను పేరు కలదు. అచ్చట నూలుబట్టలు మిక్కుటముగా నేయుదురని అతడు వ్రాసెను. అమరావతి స్తూపమునకు దానము చేసినవారి పేర్లు రాళ్లమీద నున్నవి. వారిలో రాజులకంటె వర్తకులు, గృహపతులు ఎక్కువగా కనబడుదురు. సుగంధద్రవ్యము లమ్మువాడు కలడు, తోలుపని చేయువాడు కలడు. ఆ రేవున బట్ట ఎక్కించిన వర్తకుడు దానిని కట్టువానిని ఎన్నడును చూచియుండడు.

అట్టి కాలపు వర్తకన్యాయము మనకు అర్థశాస్త్రమునందును, మను, యాజ్ఞవల్క్య, నారద స్మృతులయందును దొరకుచున్నది. వీరిలో ఈ విషయమును మిక్కిలి విపులముగా చెప్పినవాడు నారదుడు. సరకును పరీక్షించుటకు కొన్నవానికి ఎన్నిదినములు గడువీయవలయునో అతడు విడివిడిగా నిర్ణయించెను. ఇనుమునకు, బట్టకు ఒక్కదినము. పాడి పశువునకు మూడు దినములు. బరువు మోయు పశువునకు అయిదు. రత్నములకు, ముత్యములకు, పగడములకు ఏడు. విత్తనములకు పది. దాసునకు పక్షము, దాసికి మాసము అనియు ఆ పట్టికలో నున్నది. మనుష్యులను సరకులతో కలిపి లెక్కించిన ఆ వాక్యమును దాచిపెట్టుట చరిత్ర చెప్పువానికి తగదు, మెచ్చుకొనుటయు తగదు.

తక్కిన లెక్క మాత్రము పెద్దలు నిదానించి చూడదగినది. బట్టను వెలుతురున పరచి చూచిన చిరుగు, మరక, పోగుతప్పు ఆనాడే కనబడును. ఆవు పాలెన్ని ఇచ్చునో, తన్నునో తన్నదో మూడు పూటలు పితికిన గాని తెలియదు. ఎద్దును కాడికి కట్టి, బండి లాగించి, మరునాడు లేచునా లేవదా యని చూడవలెను. అందులకు అయిదు దినములు. విత్తనము మొలకెత్తవలెను గదా! ఈ లెక్క వ్రాసినవాడు పశువుల సంతకు పోయినవాడే, కళ్లమున నిలిచినవాడే యని నాకు తోచును. సరకు ఎంత వెలగలదో చూచి గడువు పెట్టలేదు. దానిలోని దోషము బయటపడుటకు ఎంతకాలము పట్టునో చూచి పెట్టెను. యాజ్ఞవల్క్యుని దినముల లెక్కయు ఇట్టిదే. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయము' అను పేర ఈ వ్యవహారధర్మమును తెనుగు పద్యములలోనికి తెచ్చెను. అనగా సంస్కృతము రాని తెనుగు కాపునకును, కోమటికిని ఈ న్యాయము ఏడువందల యేండ్ల క్రిందటనే తన భాషలో వినవచ్చినది.

దోషము లేకయే మనసు మారినవాని మాట యేమి? నారదుడు వానిని పూర్తిగా త్రోసివేయలేదు. కొన్ననాడే, సరకు చెడకుండ తిరిగి ఇచ్చినచో సొమ్మంతయు రావలెను. రెండవనాడు ఇచ్చినచో ముప్పదవ వంతు పోగొట్టుకొనును. మూడవనాడు అందుకు రెట్టింపు. ఆపై సరకు కొన్నవానిదే. మనువు ఇంతకంటె ఉదారుడు. పదిదినముల వరకు ఇచ్చుటకు, పుచ్చుకొనుటకు ఇరువురకును వీలు కల్పించి, ఆ పిమ్మట తిరుగగోరువానికి ఆరువందల పణముల దండన చెప్పెను. కౌటిల్యుడు సరకును గాక మనుష్యుని వృత్తిని చూచెను: వర్తకులకు వగచుటకు ఒక్కరాత్రి, కాపులకు మూడురాత్రులు, గొల్లలకు అయిదురాత్రులు. సరకు బాగోగులు తెలిసినవానికి తక్కువ గడువు, తెలియనివానికి ఎక్కువ గడువు. నేటి శాసనములయందు ఈ వివేకము నాకు కనబడలేదు.

గడుసు బేరగానిని గూర్చియు వారెరుగుదురు. కొనకమునుపే సరకును చక్కగా చూచుకొనవలెననియు, చూచి ఒప్పుకొని కొన్నదానిని అమ్మినవానికి తిరిగి ఇచ్చుట కుదరదనియు నారదుని నియమము. కట్టి మాసిపోయిన పాతబట్టను, అది ఆ స్థితిలోనున్నదని యెరిగియే కొన్నవాడు, పిమ్మట మాసినదను నెపమున మరలింపరాదు. మరియొక ప్రక్క, మంచిదానిని చూపి చెడ్డదానిని కట్టియిచ్చిన అమ్మకపువాడు కొన్నవానికి రెట్టింపు సొమ్ము చెల్లించి, రాజునకు అంత దండనయు కట్టవలెను. ఈ రెండును కలిపి చదువవలెను. తప్పును ముందే చెప్పి అమ్మినవానికి రక్షణ. దాచి అమ్మినవానికి శిక్ష. మన సంతలో "కాలు కుంటిది, చూచి కొనుము" అని నలుగురిలో చెప్పి ఎద్దును అమ్మినవాని వెంట ఎవరైన మరునాడు పడుదురా?

వేలమును గూర్చి ఒకమాట. పోర్చుగీసువారి 'లెయిలావ్' అను మాటయే హిందీలో నీలామ్ అయి, మనకు వేలమైనదని భాషావేత్తలు చెప్పుదురు. మాట వచ్చినది సముద్రముమీదుగా గాని, పద్ధతి మనదగ్గర అంతకు పూర్వమే కలదు. ఇల్లు, పొలము అమ్ముటకు ఇరుగుపొరుగువారి యెదుట వెలను ముమ్మారు చాటవలెనని కౌటిల్యుడు చెప్పెను. పోటీచే వెల పెరిగినచో ఆ పెరిగినది సుంకముతోకూడ రాజు బొక్కసమునకు పోవును; ఇది అమ్మువానికి రుచింపని నియమమే! ఇక, పాట పాడి సొమ్ముతో రానివాడు? వానికొరకు ఏడురాత్రులు వేచి, అప్పటికిని రాకున్న సరకును మరియొకనికి అమ్ముకొనవచ్చును. నేడు టెలిఫోనులో హెచ్చుపాట పాడి మాయమగువారిచే విసిగిన పడుచువారికి ఈ ఏడురాత్రుల మాట చెప్పగా నవ్విరి. వారు మూడుదినములకంటె ఆగరట.

ధాన్యకటకము ధరణికోటయైన పిమ్మట అచ్చట కోటవంశపు రాజులు పాలించిరి. కాకతి గణపతిదేవుని కుమార్తె గణపాంబ ఈ వంశపు బేతరాజునకు పత్ని. ఆమె తండ్రియే 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. పూర్వపురాజులు తుపానుకు చెదరి తమ తీరమున చేరిన ఓడలలోని సరకునంతయు బలాత్కారముగా లాగుకొనుచుండిరి. గణపతిదేవుడు దానిని మాన్పి, నిర్ణీతమైన సుంకము మాత్రమే, ముప్పదింట ఒకటి, పుచ్చుకొందునని రాతిమీద వ్రాయించెను. ఇది సరకు మరలించు తగవు గాదు. అయినను ఇచ్చట చెప్పుటకు కారణము, ఎన్నడు చూడని వర్తకుడు నమ్ముటకు ఏమి కావలెనో ఆ రాజు ఎరిగియుండుటయే. నియమము ముందుగా, బహిరంగముగా, మార్చవీలులేని చోట వ్రాసియుండవలెను.

ఇంతవరకు అమ్మువాడును కొనువాడును ఇంచుమించు సమానబలము గలవారని తలచి చెప్పితిని. బందరు చరిత్ర అట్లు కాదు. 1605 మొదలుకొని డచ్చివారును, 1611 మొదలుకొని ఇంగ్లీషువారును బందరున బట్ట కొనిరి. మచ్చుబట్ట నిచ్చి, ముందుగా బయానా నిచ్చి, నేసిన తానులు వచ్చినపుడు మచ్చుతో సరిచూచి తరగతులుగా విడదీసెడివారు. కుదిరినవి ఓడ ఎక్కెను. కుదరనివి వెనుకకు వచ్చెను. మొదట పలుదేశముల వర్తకులు పోటీపడుచుండుటచే ఒకరు త్రోసిన తాను మరియొకరు కొనెడివారు. నేతగాడు బయానాను తిరిగి ఇచ్చివేసి మరియొకని దరిచేరుటయు కలదు. 18వ శతాబ్ది ద్వితీయార్ధమున ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలోనికి పోయిన పిమ్మట (గుంటూరు 1788లో పోయినది) కొనువాడే పాలకుడయ్యెను. ఇతరులకు నేయరాదు, అమ్మరాదు అను కట్టుబాట్లు వచ్చినవి. అప్పుడు వెనుకకు వచ్చిన తాను ఏమగును? బయానా అప్పుగా నిలుచును. బట్ట మగ్గముప్రక్కన పడియుండును. నేతగాండ్రు మొరపెట్టుకొనిరి, పనిమానిరి, ఊళ్లు విడిచిరి. నా అభిప్రాయమున మన సీమ ఎరిగిన బేరగాండ్రలో ఇంతకంటె కఠినుడు లేడు. అదే కంపెనీ తన సరకును లండనులో కొవ్వొత్తి వెలిగించి, అది ఆరులోపల పాడిన చివరి పాటకు అమ్మెడిది; అచ్చట తాను అమ్మువాడు గనుక నియమములు వేరు!

1930లో వచ్చిన సరకుల విక్రయ శాసనము పాత న్యాయమునకు దగ్గరగా వచ్చినది. ముందు చూడని సరకు చేతికందినపుడు పరీక్షించుటకు కొన్నవానికి తగిన అవకాశము ఉండవలెను. వేలమునందు సుత్తి పడువరకు పాటదారు తన పాటను వెనుకకు తీసుకొనవచ్చును. పడిన పిమ్మట వీలులేదు. అమ్మువాడు తన మనుష్యునిచే దొంగపాట పాడించి వెల పెంచినచో, కొన్నవాడు ఆ అమ్మకమును రద్దుచేసికొనవచ్చును. మన రైతులు ఎరిగిన వేలములలో పొగాకు వేలము కలదు. 1976లో గుంటూరు కేంద్రముగా ఏర్పడిన పొగాకు బోర్డువారు 1985 నుండి ఆంధ్రదేశమున నడుపుచున్నారు. అచ్చట చెక్కు వెల నచ్చనిచో రైతు ఇయ్యనని చెప్పవచ్చును. వగపు అమ్మకమునకు ముందే తీరిపోవును.

ఇక కంటికి కనబడని వేలము. 1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ అనునతడు ఆరంభించిన అంగడి పిమ్మట ఈబే యను పేర ప్రసిద్ధమైనది. అందు మొదట అమ్ముడుపోయినది ఒక పగిలిన లేజరు దీపము; వెల 14 డాలర్ల 83 సెంట్లు. అది పగిలినదని కొన్నవానికి తెలియునా యని ఒమిడ్యార్ వ్రాసి అడుగగా, తాను పగిలినవానినే ప్రోగుచేయువాడనని అతడు బదులు చెప్పెనట. నారదుడు విన్నచో సంతోషించియుండును. 1996లో అమ్మువారును కొనువారును ఒకరినిగూర్చి ఒకరు మంచిచెడ్డలు వ్రాయు పద్ధతి పెట్టిరి. 2008లో అమ్మువాడు కొన్నవానిని గూర్చి చెడుగా వ్రాయుటను మాత్రము మాన్పిరి. కొన్నవాడు భయములేక నిజము చెప్పవలెనని వారి ఉద్దేశము. గడుసు బేరగాండ్రకు ఇది అనుకూలమైనదని అమ్మువారు నేటికిని మొరపెట్టుదురు. మన దేశమున 2004 నుండి నడిచిన ఈబే శాఖ 2018లో మూతపడినది. 2020లో కేంద్రప్రభుత్వపు నియమములు వచ్చినవి: సరకు లోపము గలదైనను, నకిలీదైనను, ప్రకటించినట్లు లేకున్నను అమ్మినవాడు తిరిగి పుచ్చుకొనననుటకు వీలులేదు. మనసు మారినవాని మాట ఆ నియమమున లేదు.

నా బంధువర్గములోని యువకుడొకడు మంగళగిరి చీరలను ఇట్టి వేలమున అమ్మును. ఒకే వారమున అతనికి రెండు చీరలు మరలివచ్చినవి. ఒకదాని అంచున పోగు తెగి గుచ్చుకొనియున్నది. అతడది చూపలేదు, వ్రాయలేదు. సొమ్మంతయు, తపాలా ఖర్చుతోకూడ పంపివేసెను. రెండవదాని కొంగున పసుపు మరక. మడత విప్పగానే సాంబ్రాణి వాసన. ఏదో శుభకార్యమున కట్టి మరలించిరని ఆ యింటి ఆడవారు క్షణములో చెప్పిరి. పంపక మునుపు రెండు ప్రక్కల తీసిన ఛాయాచిత్రములు అతనివద్ద నున్నవి. ప్రకటనలో "కట్టని చీర మాత్రమే, రెండుదినములలోపల" అని ముందే వ్రాసియుండెను. తిరిగి పుచ్చుకొననని మర్యాదగా వ్రాసి, చీరను మరల ఆమెకే పంపెను. ఆమె కోపించి అతనిని మోసగాడని అందరు చదువుచోట వ్రాసినది. అతడు బదులు తిట్టలేదు. దానిక్రింద ఆ ఛాయాచిత్రములను, తేదీని ఉంచి ఊరకుండెను. ఆ నిందయు, ఆ చిత్రములును నేటికిని ఒకదానిక్రింద ఒకటి అచ్చటనే యున్నవి.