జీపు వెనుకటి రెండవ బ్యాటరీ

మోటారుబండికి ఒక్క బ్యాటరీ చాలునన్న మాట తారురోడ్డు మీద చెల్లును. వర్షాకాలమున నిజామాబాదు జిల్లా వర్ని, రుద్రూరు, కోటగిరి ప్రాంతముల రేగడి బాటలలో చక్రములు దిగబడి, ఇంజను ఆగిపోయి, కనుచూపు మేరలో దీపమైన కానరాని తావున చిక్కుకొన్న డ్రైవరుకు అది చెల్లదు. జీపు వెనుకభాగమున మరియొక బ్యాటరీని బిగించు నాచారము ఈనాడు కొండలకు అడవులకు సరదాగా బండ్లు తోలుకొనిపోవు యువకుల వేడుకగా కనబడుచున్నను, దాని మూలములు సైనికుల వార్తాయంత్రములలోను, పల్లె పల్లెకు కబురు మోసికొనిపోయిన మైకు సెట్టులలోను గలవు.

ఈ సీమకు సంపదను దెచ్చినది మంజీర నీరు. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు, నవాబు అలీ నవాజ్ జంగు అను ఇంజనీరు ఆధ్వర్యమున ఆ నదికి అడ్డముగా లేచినది. దాని కాలువల క్రింద చెరకు విస్తరిల్లగా, 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము వలన బోధను చెంత శక్కర్‌నగరమను ఊరే వెలసెను. కోస్తా జిల్లాలనుండి వచ్చిన రైతులు కాలువల వెంబడి కాంపులు కట్టుకొనిరి; తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును ఒక్క సంతలోనే వినవచ్చుచుండెను. కర్మాగారమున విద్యుద్దీపములు రాత్రియెల్ల వెలుగుచున్న దినములలోనే, చుట్టునున్న పల్లెలు అనేకము కిరసనాయిలు బుడ్లతో కాలము గడుపుచుండెను. ఈ వైరుధ్యమును గుర్తింపనిదే జీపు వెనుకటి బ్యాటరీ విలువ బోధపడదు.

రెండవ ప్రపంచయుద్ధమునాటి విల్లీస్ జీపుది 6 వోల్టుల యేర్పాటు. బ్రిటిషు సైన్యపు వైర్‌లెస్ సెట్టులకో 12 వోల్టులు కావలసి యుండెను. అందుచేత రేడియో జీపులలో సెట్టుకై ప్రత్యేకముగా బ్యాటరీలను వెనుక మోసికొనిపోవుచుండిరి. 1950 నాటి ఎం-38 జీపులో రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఉన్నమాట నిజమే గాని, అవి వరుసగా కలిసి 24 వోల్టుల నిచ్చునవి. అది బలమును హెచ్చించుటయే గాని పనిని విభజించుట గాదు. మహీంద్రా వారు 1940ల చివర బొంబాయియందు జీపులను కూర్చుట మొదలిడగా, ఆ బండి మన గ్రామసీమలకు గూడ సులభముగా అందుబాటులోనికి వచ్చినది.

మన సీమలో రెండవ బ్యాటరీని నాటినది మైకు సెట్టు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన పిదప, అంతకు మించి 1959లో పంచాయతీ సమితులు ఏర్పడిన తరువాత, బ్లాకు జీపు ఊరి పొలిమేరలలో తరచుగా కానవచ్చు వాహనమయ్యెను; ఎన్నికల వేళ అభ్యర్థుల జీపులు, క్రొత్త సినిమా వచ్చిన వేళ ప్రచారపు జీపులు దానికి తోడయ్యెను. పైన బాకా, లోన ఆంప్లిఫయరు, చేత మైకు: ఇంజనును నిలిపి మాటలాడుచున్నంతసేపు ఇవి బ్యాటరీని ఖాళీ చేయుచునే యుండును. గట్టిగా పలుకు 60 వాట్ల ఆంప్లిఫయరు 5 ఆంపియర్లకు పైగా గుంజుకొనును. ఇంజనును త్రిప్పు సెల్ఫు మోటారుకో, క్షణకాలమే యైనను, 100 ఆంపియర్లకు మించి ఒక్కుమ్మడిగా కావలెను. సభ ముగిసి జనము చెదరిన మీదట డ్రైవరు సెల్ఫు కొట్టగా టక్కుమను చప్పుడు తప్ప మరేమియు పుట్టదు. బ్యాటరీ దిగిపోయినదని పదిమందిని పిలిచి త్రోయింపవలెను, లేదా చెమటలు గ్రక్కుచు హ్యాండిలు కొట్టవలెను. తడిసిన రేగడిలో జీపును త్రోయుట యెంతటి యాతనయో అనుభవించినవారికే తెలియును.

కావున మైకుకొక బ్యాటరీ, సెల్ఫుకొక బ్యాటరీ. ఇంటికి చేర్చవలసిన దానిని ముట్టకుండుట, ఊరివారి కొఱకు వెచ్చించు దానిని వేరుగా నుంచుట అను ఈ ఏర్పాటు సామాన్యముగా తోచును గాని, దీనిని ఆచరణమున నిలిపిన డ్రైవర్లు, మెకానిక్కులు, ఛార్జింగు దుకాణములవారు ఏ గ్రంథమునకును ఎక్కినవారు కారు. ఈ సీమ చరిత్ర వ్రాయబూనువారు కర్మాగారపు చిమ్నీతో పాటు వీరి నేర్పును గూడ గణింపవలెనని నా దృఢాభిప్రాయము.

ఆ నేర్పు సీసపు పలకల స్వభావము నెరుగుటలో నున్నది. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన ఈ సాధనమున, సెల్ఫుకై చేసిన బ్యాటరీకి పలుచని పలకలు అనేకముండును. అవి ఒక్కసారిగా బలమునిచ్చును గాని, మాటిమాటికి అడుగంట వాడినచో త్వరలో చెడును. నింపాదిగా గంటల తరబడి పనిచేయవలసిన దానికి దళసరి పలకలు కావలెను. హైడ్రోమీటరు ముంచి చూచినచో నిండిన బ్యాటరీలో ఆమ్లపు సాంద్రత 1.280 ప్రాంతమునను, దిగిపోయిన దానిలో 1.120 ప్రాంతమునను నుండును. పాతకాలపు డైనమో ఇంజను మెల్లగా తిరుగునప్పుడు దాదాపు ఏమియు ఎక్కింపజాలదు. గనుక వెనుకటి బ్యాటరీని విప్పి పట్టణమునకు చేర్చి ఛార్జింగుకు పెట్టుటయో, బండి నడచుచున్నప్పుడు స్విచ్చుతో రెండింటిని కలిపి, నిలిపినప్పుడు మరవక విడదీయుటయో జరుగుచుండెడిది. మరచినచో రెండును దిగిపోవును. ఈ మరపును నివారించుటకే ఇంజను నడచునంతసేపు మాత్రమే రెండింటిని కలుపు రిలేలు వచ్చినవి.

బిగించుటలోను మెలకువ యున్నది. వెనుక చక్రము మీది గూడు ప్రక్కన, నేలకు ఆనించి, ఆమ్లము కారినను బండి యినుమును తినివేయకుండ ప్లాస్టిక్ తొట్టిలో నిలిపి, గుంతలలో ఎగిరిపడకుండ ఇనుప పట్టీతో బంధింపవలెను. ఛార్జి యగునప్పుడు వెలువడు హైడ్రోజను వాయువుకు దారి విడువవలెను. ముందునుండి వెనుకకు పోవు తీగ దళసరిదై, రెండు కొనలయందును ఫ్యూజు గలదై యుండవలెను, ఏలయన ఒరసికొని తెగిన తీగ ఆ రెండు బ్యాటరీలలో దేనివలననైనను మంట పుట్టింపగలదు.

బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది; జీపు వెనుకటి బ్యాటరీ మాత్రము వేరు పనులకు మారి నిలిచియే యున్నది. ఈనాడు జీపులలోను, వాటి వారసులైన థార్ బండ్లలోను వెనుకటి బ్యాటరీకి చిన్న ఫ్రిజ్జును, గుడారపు దీపములను తగిలించుచున్నారు; సీసపు బ్యాటరీకి బదులు లిథియం బ్యాటరీని అమర్చుచున్నారు. ఇది తేలిక, లోతుగా వాడినను త్వరగా చెడదు. కాని ఆల్టర్నేటరు నుండి మితిమీరిన ప్రవాహమును గుంజి దానిని వేడెక్కించును గనుక, రిలేకు బదులు కొలత ప్రకారము విద్యుత్తును ఎక్కించు డీసీ-డీసీ ఛార్జరును నడుమ నిలుపవలసి యున్నది.