పూసల తాత చెప్పిన పాఠం

మన ప్రాంతపు చేతిపనులు అనగానే అందరికీ శ్రీకాళహస్తి కలంకారీ గుర్తొస్తుంది. ఆ పక్కనే, ఏర్పేడు దగ్గరున్న పాపానాయుడుపేట గాజు పూసల సంగతి బయటివారికి తక్కువే తెలుసు. ఆ చరిత్రనూ, అది మన బడి గదిలోకి నడిచివచ్చిన రోజులనూ ఈ స్వర్ణోత్సవ సంచికలో నమోదు చేయడం అవసరమనిపించింది.

సుమారు రెండు వేల ఏళ్ళ కిందట పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో గాజు పూసలు తయారయ్యేవి. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపారు. గాజు గొట్టాన్ని సాగదీసి, ముక్కలు కోసి చేసే ఇటువంటి చిన్న పూసలు ఆగ్నేయాసియాలోనూ, తూర్పు ఆఫ్రికా తీరంలోనూ దొరికాయి. వీటిని ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అన్న అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్, ఆ పాత పద్ధతి పాపానాయుడుపేటలో నిలిచి ఉందని రాశారు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా అయ్యవారు ఆ పని చేసే ఒక పెద్దాయనను బడికి పిలిపించారు. మాకు ఆయన పూసల తాత. బడిలో కొలిమి పెట్టలేం కనుక నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పారు. ‘లాడా’ అనే ఇనుప గొట్టం చుట్టూ కరిగిన గాజు ముద్దను చేర్చి, శంకువులా దిద్దుతారు. నడుమ బోలు నిలిచేలా చూస్తూ, కొలిమి అవతలి మనిషి దాని కొసను కొక్కెంతో అందుకుని లాగుతాడు. ఆపకుండా లాగుతుంటే సన్నని గొట్టం వస్తూనే ఉంటుంది. దాన్ని విరిచి, పదునైన అంచు మీద చిన్న ముక్కలు చేస్తారు.

ఆ ముక్కలు కొన్ని పళ్ళెంలో పోసి, బూడిద కలిపి చూపించారు. “ఏం నాయనా, బూడిద లేకుండా కాలిస్తే ఏమవుతుంది?” అని అడిగారు. ఎవరికీ తోచలేదు. “ఒకదానికొకటి అతుక్కుంటాయి, బెజ్జం పూడిపోతుంది” అని ఆయనే చెప్పారు. బూడిదలో మళ్ళీ వేడి చేస్తేనే అంచుల పదును పోయి పూస గుండ్రనవుతుంది. అలా సిద్ధమైన పూసలిచ్చి మాచేత రంగుల వరసలో దండలు గుచ్చించారు.

ఒకే రాగి, గాలి బాగా ఆడితే గాజుకు నీలం రంగునిస్తుంది, గాలి తగ్గితే ఎరుపునిస్తుంది. ఈ రసాయనం నేను ఇంజనీరింగులో చదివాను. గాజు మంచులా ఒక్కసారిగా కరగదు, వేడికి మెల్లగా మెత్తబడుతుంది. అందుకే బోలు చెడకుండా సాగుతుంది. నేటి ఆప్టికల్ ఫైబరును కూడా మెత్తబడిన గాజు కడ్డీనుంచి సాగదీసే తీస్తారు. తాతకు ఇవన్నీ చేతికి తెలుసు.

తవ్వకాల్లో పూసలు దొరుకుతాయి గానీ చేసినవారి పేర్లు దొరకవు. మన కాలంవారి పేర్లైనా అలా పోకూడదు. పూసల పని తెలిసిన పెద్దల పేర్లు, వారి పనిముట్ల వివరాలు సేకరించి బడిలో ఉంచుదాం. ఏడాదికొకసారి వారినే పిలిచి చిన్న తరగతులకు పాఠం చెప్పిద్దాం. మన సంఘం ఈ పని తలపెడితే నా వంతు నేను చేస్తాను.