పలుపులు విప్పి బయల్దేరాం

మన దివిసీమలో వయసు లెక్క ఏళ్లతో కట్టం. ఉప్పెనకి ముందా, తరవాతా అని అడుగుతాం. మీ నాన్న ఉప్పెనకి ముందు పుట్టాడు, మీ చిన్నత్త తరవాత. కాస్త మంటకి దగ్గరగా జరగండర్రా, చెబుతా.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. చేలు పండుబారుతున్నాయి, ఇంకొన్నాళ్లాగితే కోతలు. ఒకటే ముసురు, గాలి. గాలివాన వస్తోందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. గాలివాన మనకి కొత్తా? తాటాకు కప్పు లేచిపోకుండా మోకులు బిగించడం, వాసాలకి కట్లు చూసుకోవడం, తలుపుకి అడ్డకర్ర పెట్టి లోపల కూచోవడం, అన్నీ పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే. ఊరంతా ఆ పనిలోనే ఉంది. గాలికైతే అందరూ సిద్ధపడ్డారు. సముద్రం లేచి ఊళ్ల మీదికి వస్తుందని మాత్రం ఎవరి ఊహలోనూ లేదు.

మా మావగారొక్కరే అన్నారు ఆ మాట. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ 1864లో బందరుకొచ్చిన ఉప్పెన గురించి చెబుతుండేదట. ముప్పైవేల మంది పోయారంటారు అందులో. ఆవిడకి అప్పటికి ఊహ తెలిసిన వయసు. మురుగుకాలవలో నీళ్లు సముద్రానికి పోవాల్సింది పోయి, ఊరివైపు ఎదురు నడిస్తే ఇక ఇంట్లో నిలబడొద్దని మనవడికి చెప్పి పోయింది. ఆ పొద్దున ఈయన కాలవగట్టు దాకా వెళ్లి చూసి, పరుగున వచ్చారు. అందరూ లేవండి, మెరక మీది డాబాకి పోతున్నాం అన్నారు. మీకో మాట. ఇప్పుడు ఆ గుర్తు కోసం మీరెవరూ కాచుకుని కూచోవద్దు. కాలవ ఎదురు తిరిగేసరికి చాలాసార్లు టైము ఉండదు. మాకేదో కలిసొచ్చింది.

ఉప్పెనంటే వరదలాంటిది కాదు నాయనా. కృష్ణమ్మకి వరదొస్తే బ్యారేజీ దగ్గర ఎన్ని గేట్లెత్తారో చెబుతారు, ఆ నీళ్లు మన దాకా రావడానికి గంటలు పడుతుంది, ఈలోగా సర్దుకోవచ్చు. ఉప్పెన అట్లా కాదు. తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డుకేసి తోసుకొస్తుంది. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, ఇవతల నేలంతా చదును, నీళ్లని ఆపేది ఏముంది? ఆ సాయంత్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి మైళ్ల కొద్దీ లోపలికి వచ్చేశాయి. సొర్లగొందిలాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే పదివేల మంది.

బయల్దేరే ముందు మావగారు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? గొడ్లసావిట్లోకి వెళ్లి పలుపులన్నీ విప్పేశారు. మా అత్తగారు లబోదిబోమంది. చూడిగేదె, ఎటన్నా పోతే? కట్టేస్తే గుంజకే చస్తుందే, విప్పితే ఈదుతుంది అన్నారాయన. అన్నీ బతకలేదు. కానీ ఆ గేదె మాత్రం నాలుగూళ్ల అవతల దొరికింది. సీమంతటా లక్షల్లో పోయాయి గొడ్లు. మెడన పలుపుతోనే తేలిన వాటిని చూసినవాళ్లం, ఆ పని ఎంత పెద్దదో మాకు తెలుసు.

అప్పుడు అత్తగారు గడప మీద కూచుంది. రానంది. గాదెలో ధాన్యం ఉంది, తులసికోట దగ్గర దీపం ఎవరు పెడతారంది. బతిమాలితే వినే మనిషి కాదు. మీ తాత ఆవిణ్ని వీపునేసుకుని నడిచాడు, దారంతా తిడుతూనే ఉంది. నా చంకన మీ నాన్న, నెత్తిన మంచినీళ్ల బిందె. బంగారం పెట్టె తీసుకుంటానంటే మావగారు ఒప్పుకోలేదు. నీళ్లు, అటుకులు, బెల్లం, అంతే అన్నారు.

ఆ బిందె విలువ తెల్లారాక తెలిసింది. ఎటు చూసినా నీళ్లే, గుక్కెడు నోట్లో పోసుకోవడానికి లేదు. బావులన్నీ ఉప్పుకశం, వాటిల్లో ఏమేం పడి ఉన్నాయో చెప్పలేను. డాబా మీదున్న పిల్లలందరికీ గ్లాసుతో కొలిచి పోశాం. అగ్గిపెట్టెలు తడిసి ఒక్క పుల్ల వెలగలేదు. పాములు మనుషులతోపాటే మెట్లెక్కి మూలల్లో నక్కాయి, అవీ ప్రాణభయంతోనే.

ఆ తరవాతే ఈ తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మేలో మళ్లీ మన కృష్ణ ముఖద్వారం దగ్గరే పెద్ద తుపాను దాటింది. ఆసారి లక్షల మందిని ముందే లేపి తీసుకెళ్లారు. పోయినవాళ్లు వెయ్యి లోపే. వెయ్యి తక్కువని కాదు. కానీ పదివేలెక్కడ, వెయ్యెక్కడ? ముందు రోజు కదలడం వల్ల వచ్చిన తేడా అది.

అందుకే కోడలిపిల్లకి చెబుతుంటా. అమ్మాయ్, ఆ అటక మీది సంచి ఊరికే పెట్టలేదు. పొలం పాస్‌బుక్కు, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు అన్నీ ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి ఉంచు. అటుకులు, వేయించిన శనగలు ఏటా దసరాకి మార్చు, పురుగు పట్టాక ఉండీ లాభం లేదు. తుపాను కబురు వినగానే బిందెలూ క్యాన్లూ నింపు, మనిషికి రోజుకి మూడు నాలుగు లీటర్లన్నా చూసుకో. ఫోన్లు ముందే చార్జింగ్ పెట్టండి, కానీ వాటినే నమ్ముకోవద్దు. టవరు పడితే అవి ఇనప ముక్కలే. బ్యాటరీ రేడియో ఒకటి ఉండాల్సిందే. కదిలేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేసి, గ్యాస్ బండ ఆపేయడం పెద్దాడి పని. 112, 1070 నంబర్లు గోడ మీద రాయించా, పిల్లలు కూడా చూసి చెప్పగలగాలి. గాలి ఒక్కసారిగా నిలిచిపోతే అయిపోయిందనుకుని బయటికి పరిగెత్తొద్దు, అది తుపాను కన్ను అయితే రెండో పక్క నుంచి మళ్లీ కొడుతుంది.

ఇంకోటి ఇప్పుడే తేల్చండి. ఎవరు ఎవర్ని తీసుకెళ్తారు? చిన్నదాన్ని వాళ్లమ్మ. పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిణ్ని పెద్దాడు, ఆవిడకి చెవులు వినపడవు, మైకులో ఎంత అరిచినా తెలీదు. గొడ్ల పలుపులు చిన్నాడు. ఇక నేను. ఆ రోజున నేను రాననే అంటాను. ఈ ఇల్లు మీ తాత కట్టింది, వదిలి రావాలంటే నాకూ కాళ్లాడవు. మీ తాత మా అత్తగార్ని అడిగాడా? మీరూ అడక్కండి, ఆటోలో ఎక్కించేయండి. నా బీపీ మాత్రలు ఆ సంచి పక్కజేబులో ఉన్నాయి, నెలనెలా చూసి నింపుతుండు అమ్మాయ్.