పెన్‌డ్రైవ్ లినక్స్‌లో సమయ మండలం నిలవాలంటే

పెన్‌డ్రైవ్ నుండి నడిచే డెబియన్ లైవ్‌లో సమయ మండలాన్ని ‘ఆసియా/కోల్‌కతా’గా మార్చినా, కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించగానే ఆ మార్పు చెరిగిపోతుంది. మూల వ్యవస్థ చదువుటకు మాత్రమే వీలైన రూపంలో ఉండి, మార్పులన్నీ ర్యామ్‌లో నిలవడమే ఇందుకు కారణం.

మార్పులు నిలుపుకొనే విధానం ఇది:

1. డ్రైవ్‌లో మిగిలిన స్థలంలో ‘ఈఎక్స్‌టీ4’ విభాగాన్ని ఏర్పరచి, దానికి ‘పెర్సిస్టెన్స్’ అని పేరు పెట్టాలి.

2. ఆ విభాగంలో ‘పెర్సిస్టెన్స్.కాన్ఫ్’ అనే ఫైలు సృష్టించి, అందులో ‘/ యూనియన్’ అను ఒక్క పంక్తి వ్రాయాలి.

3. బూట్ పంక్తి చివర ‘పెర్సిస్టెన్స్’ అనే పదం చేర్చి ప్రారంభించాలి. అటుపిమ్మట సమయ మండలాన్ని ఒకసారి అమరిస్తే చాలు.

ఈ పేర్లన్నీ ఆంగ్లంలో చిన్న అక్షరాలతోనే ఉండాలి.

ఇంత చేసినా గడియారం సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు ముందుకు చూపితే, దోషం సమయ మండలానిది కాదు. విండోస్ తన యంత్రపు హార్డ్‌వేర్ గడియారంలో స్థానిక కాలాన్ని ఉంచుతుంది. లినక్స్ దానిని యూటీసీగా భావించి మరల 5:30 కలుపుతుంది. అట్టి యంత్రాలపై బూట్ పంక్తికి తొలిసారే ‘యూటీసీ=నో’ చేర్చడం మేలు. గడియారాన్ని సరిచేయబోయి సమయ మండలాన్ని మార్చితే ఫైళ్ల కాలముద్రలు తారుమారవుతాయి.