కోపీపాడ్లు: ఉప్పునీటి అక్వేరియంలో సజీవ మేత

కోపీపాడ్లు రొయ్యలు, పీతల వర్గానికి చెందిన, సాధారణంగా 1-2 మిల్లీమీటర్లకు మించని జలప్రాణులు. తొట్టె అద్దం మీద గంతులు వేసే తెల్లని చుక్కల్లా కనిపిస్తాయి. రోజంతా రాళ్ల సందుల్లో ఆహారం ఏరుకుతినే మాండరిన్ వంటి చేపలకు ఎడతెగని మేత అందించేందుకు వీటిని ఇంటి అక్వేరియంలో సజీవంగా వదులుతారు. కృష్ణా తీరాన ఉన్న ఇబ్రహీంపట్నంలో నది నీరు మంచినీరు కనుక అందులోని సైక్లాప్స్ అనే కోపీపాడ్లు ఇందుకు పనికిరావు; సముద్రపు ఉప్పదనానికి అవి చనిపోతాయి. హంసలదీవి వద్ద సాగరసంగమంలో ఉప్పును తట్టుకునే జాతులు ఉన్నప్పటికీ, ఆ నీటి వెంట పరాన్నజీవులు వచ్చే ప్రమాదం ఉన్నందున పెంపకంలో ఎదిగిన టిస్బే, టిగ్రియోపస్ అనే సముద్ర కోపీపాడ్లను ఎంచుకోవడమే మేలు.

కోపీపాడ్లు వచ్చిన సీసాలోని నీటిలో తొట్టె నీటిని కొద్దికొద్దిగా కలిపి ఉప్పదనాన్ని సమం చేశాక, దీపాలు ఆర్పి, పంపు కాసేపు నిలిపి, రాళ్ల మొదళ్లలో వాటిని వదలాలి. నాప్లియస్ అనే పిల్ల అనేకసార్లు కుబుసం విడిచి పెద్దదయ్యేలోగా చేపలు తినేయకుండా, రెఫ్యూజియం అనే నాచు పెంచే విడి అర ఉండటం మేలు. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రంలో, అతి చిన్న నోరున్న గ్రూపర్ చేపపిల్లలకు తొలి మేతగా కోపీపాడ్ నాప్లియస్‌లను వాడారు.