మెత్తని మంచు – వెడల్పు స్కీ

మన భాషలో మంచు అను మాట మిక్కిలి ఓర్పు గలది. ధనుర్మాసపు వేకువను పొలములపై క్రమ్ముకొను పొగ మంచే. గడ్డిపరకపై నిలుచు నీటిబొట్టు మంచే. హిమాలయ శిఖరములపై యుగములుగా పేరుకొన్న తెల్లని రాశియు మంచే. అన్నింటిని ఒక్క మాటతో పిలుచుకొని మనము సుఖముగా కాలక్షేపము చేయుచున్నాము. మంచుమీద జారుటకై కాళ్ళకు కట్టుకొను పలకను స్కీ యందురు. ఆ పలక ఎంత వెడల్పుండవలెనను ప్రశ్న మనకు దూరపు ముచ్చటగా తోచుట సహజము. అయినను ఆ పలక వెడల్పు మారిన తీరును పరిశీలించినచో అందొక పెద్ద కథ కనిపించును. మనుష్యుడు పనిముట్టును నేలకు తగినట్లు మలచుకొనవలెనా, నేలనే పనిముట్టునకు తగినట్లు మార్చుకొనవలెనా అన్నదే ఆ కథ.

ముందుగా ఇందలి సూత్రము తెలిసికొందము. ఇది మన రైతునకు కొత్తది కాదు. దమ్ము చేసిన మడిలో కాలు మోపిన మోకాలి దాక దిగబడును. అదే మడిలో చదును చేయు పలకపై మనిషి నిలుచుండి ఎద్దులను తోలిన, పలక బురదపై తేలుచు సాగిపోవును. మనిషి బరువు మారలేదు. ఆ బరువును మోయు నేల విస్తీర్ణము మాత్రమే పెరిగినది. మంచుపైనను ఇంతే. దుస్తులు, సామగ్రి సహా ఒక మనిషి 80 కిలోల బరువున్నాడనుకొందము. అతని రెండు పాదముల క్రింది చోటు రమారమి 450 చదరపు సెంటీమీటర్లు. అనగా ప్రతి చదరపు సెంటీమీటరుపై దాదాపు 180 గ్రాముల భారము పడును. 180 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు గల జత స్కీలు తొడిగిన ఆ భారము 32 గ్రాములకు దిగును. వెడల్పు పదకొండున్నర సెంటీమీటర్లయిన 19 గ్రాములకు దిగును. వట్టి పాదముతో పోల్చిన ఇది తొమ్మిదవ వంతు మాత్రమే.

ఈ లెక్కలు వేయుట తెలియని కాలముననే మనుష్యుడు ఈ సూత్రమును కాళ్ళతో కనుగొన్నాడు. ఉత్తర రష్యాలో విస్ అను చోట బురదనేలలో దొరకిన స్కీ ముక్కల వయస్సు రమారమి 8,000 సంవత్సరములు. అందొకదాని అడుగుభాగమున కణుజును పోలిన ఎల్క్ అను మృగము తల చెక్కబడియున్నది. అది అలంకారము మాత్రమే కాదు; పలక వెనుకకు జారకుండ మంచును పట్టుకొను అడ్డు కూడ. స్వీడను దేశమున కాల్‌వ్‌ట్రాస్క్ వద్ద 1924లో బయటపడిన స్కీ 5,000 సంవత్సరములకు పైబడినది. దాని పొడవు 2 మీటర్లు. వెడల్పు 15 సెంటీమీటర్లకు పైగా కలదు. నేడు అంగళ్ళలో మిక్కిలి వెడల్పు గలవని అమ్ముచున్న స్కీలలో పెక్కింటికి ఇంత వెడల్పు లేదు. ఈ సంగతి శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక.

మధ్య ఆసియాలో ఆల్తాయి పర్వతములందు వెడల్పు స్కీ నేటికిని సజీవముగా నున్నది. అచ్చటి వేటగాండ్రు కొయ్యపలక అడుగున గుఱ్ఱపు కాలి తోలును బిగింతురు. తోలుపై వెండ్రుకలు వెనుకకు వాలియుండును. ముందుకు సాగునపుడు అవి నున్నగా జారును. కొండ ఎక్కునపుడు ఎదురు తిరిగి మంచును పట్టుకొనును. పిల్లి వీపును తలనుండి తోకకు నిమురుటకును, తోకనుండి తలకు నిమురుటకును గల భేదమే యిది. చేత ఒకే పొడవైన కఱ్ఱ యుండును. టాంగు వంశపు కాలము నాటి చీనా చరిత్రకారులు ఉత్తరమున కొయ్యగుఱ్ఱములపై తిరుగు జాతివారున్నారని వ్రాసిరి. ఆ కొయ్యగుఱ్ఱములు ఈ స్కీలే. ఆ వేటగానికి వేగముతో పందెము లేదు. ఎవరును తొక్కని లోతు మంచులో మృగమును వెంబడించుట, దిగబడకుండ ఇల్లు చేరుట, ఇవియే అతని అవసరములు. కావున అతని పలక వెడల్పైనది.

స్కీని క్రీడగా మార్చినవారు నార్వే దేశస్థులు. అచ్చటను అది మొదట అవసరమే. 1206లో అంతఃకలహముల నడుమ శిశువైన రాజకుమారుడు హాకోనును ఇద్దరు యోధులు స్కీలపై పర్వతములు దాటించి కాపాడిన ఉదంతమును నార్వే ప్రజలు నేటికిని తలచుకొందురు. కాని 19వ శతాబ్దమున టెలెమార్క్ సీమకు చెందిన సోండ్రె నార్‌హైమ్ అను పేద రైతు స్కీ రూపమును మార్చివేసెను. 1825లో జన్మించిన ఇతడు పలకను మధ్య సన్నముగా, కొనల వెడల్పుగా చెక్కెను. మెలిపెట్టిన కొమ్మలతో మడమను పలకకు బంధించెను. నడుము సన్నబడిన పలకను ప్రక్కకు వంచిన అది తనంత తానే విల్లువలె వంపు తిరిగి మలుపు తీసికొనును. 1868లో ఇతడు రాజధానిలో చూపిన నేర్పును కన్నవారు విస్మితులైరి. పిమ్మట 1888లో ఫ్రిట్యోఫ్ నాన్‌సెన్ గ్రీన్‌లాండు మంచుఖండమును స్కీలపై అడ్డముగా దాటి, ఆ యాత్రను గ్రంథముగా ప్రకటింపగా ఐరోపా అంతటను స్కీ వ్యామోహము వ్యాపించెను.

ఆల్ప్స్ పర్వతములకు చేరిన పిదప స్కీ వేగమునకు లొంగిపోయినది. ఇందు మనకు దగ్గర సంబంధమొకటి కలదు. నేటి స్లాలమ్ పందెమును 1922లో స్విట్జర్లాండులోని మ్యూరెన్ గ్రామమున నిర్వహించిన సర్ ఆర్నల్డ్ లన్ మన మదరాసు నగరమున 1888లో జన్మించినవాడు. మంచు కనబడని సముద్రతీరమున పుట్టిన ఈ మతప్రచారకుని కుమారుడు మంచుక్రీడకు నియమములు కూర్చుట కాలవైచిత్రి. 1926లో ఆస్ట్రియా దేశస్థుడు రూడాల్ఫ్ లెట్‌నర్ పలక అంచులకు ఉక్కు పట్టీలు బిగించు పద్ధతికి హక్కు పొందెను. గట్టి మంచును కత్తివలె కోయగల శక్తి దానివలన స్కీకి లభించెను. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో కుర్చీల తీగమార్గము ఏర్పడెను. ఓడలలోనికి అరటిగెలలను ఎక్కించు యంత్రమును చూచి ఒక ఇంజనీరు దానిని కల్పించెను. ఎక్కుట సులువయ్యెను, ఒకే వాలుపై వేలకొలది జనము దిగసాగిరి, మంచు నలిగి గట్టిపడెను. తరువాత యంత్రములతో మంచును దున్ని, చదును చేసి, బాటలు వేయుట ఆచారమయ్యెను.

ఇట్లు నేలయే పనిముట్టునకు తగినట్లు మారినది. చదునైన గట్టి బాటపై సన్నని స్కీయే రాణించును. కొన్ని దశాబ్దములు పొడవాటి సన్నని పందెపు స్కీయే ఆదర్శమై నిలిచెను. దాని నడుము 7 సెంటీమీటర్లకు మించదు. పొడవు 2 మీటర్లు దాటును. వేటగాని వెడల్పు పలక వస్తుప్రదర్శనశాలలకు చేరినది.

అయినను తొక్కని మంచు అంతరించలేదు. ఆస్ట్రియానుండి కెనడాకు వలసపోయిన హాన్స్ గ్మోసర్ 1965లో బుగబూ పర్వతములలో హెలికాప్టరుపై స్కీయరులను శిఖరములకు చేర్చుట ఆరంభించెను. ధనవంతులు తరలివచ్చిరి. కాని సన్నని స్కీలతో వారు తొడల దాక మంచులో కూరుకొనిపోయిరి. ఆ మంచులో తేలుట ఎన్నో ఏండ్ల సాధన గలవారికే సాధ్యము. 1988 ప్రాంతమున అటామిక్ సంస్థలో పనిచేయుచుండిన రూపర్ట్ హ్యూబర్ మంచుపై ఒంటిపలక వేసికొని తేలువారిని చూచి, అంతటి వెడల్పును రెండు కాళ్ళకు పంచిన నేమగునని ఆలోచించెను. ఒంటిపలకను నిలువున రెండుగా కోసి పరీక్షించెనని చెప్పుకొందురు. అట్లు వచ్చిన వెడల్పు స్కీని చూచి నిపుణులు నవ్విరి. వృద్ధులకును అసమర్థులకును ఊతకఱ్ఱ అనిరి. కొలది సంవత్సరములలో ఆ నిపుణులే దానిని కాళ్ళకు కట్టుకొనిరి.

ఇంకొక అడుగు వేసినవాడు షేన్ మెకాంకీ. ఇతడు అలాస్కాలో నీటిపై జారు పలకలను కాళ్ళకు బిగించుకొని మంచుకొండ దిగెను. మెత్తని మంచు గట్టినేలకన్న నీటికే దగ్గర చుట్టమని అతని తర్కము. మామూలు స్కీని నేలపై నుంచిన నడుము పైకి లేచి, కొనలు నేలను తాకును. మెకాంకీ ఊహననుసరించి 2002 ప్రాంతమున వోలంట్ సంస్థ చేసిన స్కీ దీనికి తలక్రిందు. దాని నడుము నేలకు ఆనును. కొనలు పడవ ముక్కువలె పైకి లేచును. నడుమే అన్నిటికన్న వెడల్పు, పన్నెండున్నర సెంటీమీటర్లు. నేడు లోతు మంచునకై తయారగు స్కీలు పెక్కింటిలో ఈ ఊహ ఛాయ కొంతయైనను కలదు.

ఇక ఈ వెడల్పు స్కీ ఏ మంచులో ఎట్లు ప్రవర్తించునో చూతము. మంచు ఆకాశమునుండి ఒకే రూపమున రాదు. వచ్చినది అట్లే నిలువదు. జపాను శాస్త్రజ్ఞుడు ఉకిచిరో నకాయా 1936లో ప్రయోగశాలలో మంచుస్ఫటికమును సృష్టించి, చలియు తేమయు మారినకొలది దాని ఆకారము మారునని నిరూపించెను. చలిగాలిలో క్రొత్తగా కురిసిన పొడిమంచు ఘనమీటరు 50 నుండి 100 కిలోలు మాత్రమే తూగును. నీటితో పోల్చిన పదవ వంతుకు మించదు. అందు గాలియే హెచ్చు. ఇది వెడల్పు స్కీకి పుట్టినిల్లు. పైకి లేచిన ముక్కు మంచును క్రిందికి నొక్కి పలకను పైకి తేల్చును; సన్నని స్కీపై వలె బరువును మడమలపై వేసి తొడలు నొప్పిపెట్టునట్లు వెనుకకు వ్రాలనక్కరలేదు.

తడి మంచు వేరు. సముద్రమునకు దగ్గరనున్న కొండలలో కురిసిన మంచు పలుచని సున్నపు అడుసువలె బరువుగా నుండును. సన్నని పలక అందు మునిగిన బయటకు లాగుట కష్టము. వెడల్పుది పైననే యుండును. కాని పలక అడుగుననున్న నీటిపొర దానిని పట్టి లాగును. అందువలన అడుగున సన్నని గీతలు గీసి, తగిన మైనము పూయుదురు. దీనికి వ్యతిరేకముగా మిక్కిలి చలిలో మంచు ఇసుకవలె గరుకై జారనీయదు. 1912లో దక్షిణధ్రువమునుండి తిరిగివచ్చుచుండిన కెప్టెన్ స్కాట్ బృందము పడిన కష్టములలో ఇదియు నొకటి. 1939లో కేంబ్రిడ్జికి చెందిన బౌడెన్, హ్యూస్ అనువారు దీని కారణమును వెలువరించిరి. రాపిడివలన పుట్టు వేడికి మంచు కొంచెము కరగి నీటిపొరయై పలకను జార్చును. చలి మితిమీరిన ఆ పొర ఏర్పడదు. ఇచ్చట వెడల్పు రక్షింపదు.

ఎండకు కరగి రాత్రికి గడ్డకట్టిన పెచ్చుమంచు అన్నిటికన్న మాయలాడి. పైన పాలమీగడ వంటి పొర, క్రింద మెత్తన. బరువును పంచు వెడల్పు స్కీ ఒక్కొక్కపుడు పెచ్చు పగులకుండ దాటించును. పగిలినను పైకి లేచిన ముక్కు దాని క్రింద చిక్కుకొనదు.

బాటపై నలిగి గాజువలె గట్టిపడిన మంచుపై మాత్రము వెడల్పు స్కీ చిన్నబోవును. అచ్చట పట్టు అంతయు ఉక్కు అంచుది. సన్నని పలకలో ఆ అంచు పాదము నడిమి గీతకు మూడున్నర సెంటీమీటర్ల దూరమున నుండును. వెడల్పుదానిలో దాదాపు 6 సెంటీమీటర్లు. మీట పొడవు పెరిగినకొలది పలకను ఒరిగించుటకు చీలమండయు మోకాలును ఎక్కువ శ్రమపడవలెను. ఒక అంచునుండి మరియొక అంచునకు మారుట ఆలస్యమగును, పట్టు జారును. కనుకనే రెండు మూడు జతలుంచుకొనువారును, పది సెంటీమీటర్ల వద్ద రాజీపడువారును కలరు.

మన దేశమునను ఈ విద్య వేళ్ళూనినది. కాశ్మీరమున గుల్‌మార్గ్ వద్ద 1927లో స్కీ క్లబ్బు వెలసెను. 1948లో తిమ్మయ్యగారి చొరవతో అచ్చటనే సైనికులకు స్కీ శిక్షణాలయము ఏర్పడెను. 2005లో తీగమార్గపు రెండవ అంచె పూర్తియై, జనులు రమారమి 13,000 అడుగుల ఎత్తునకు నిమిషములలో చేరుచున్నారు. చదును చేయని లోతు మంచునకై విదేశీయులును వెడల్పు స్కీలతో వచ్చుచున్నారు.

ఇచ్చటనే ఒక హెచ్చరిక అవసరము. పూర్వము లోతు మంచులో తిరుగుటకు పట్టిన సాధనా కాలమే ఒక కావలివాడు. నేర్చుకొను ఏండ్లలోనే మనిషి కొండ గుణమును చదువుకొనెడివాడు. వెడల్పు స్కీ ఆ కాలమును తగ్గించినది. కొండ గుణము మాత్రము మారలేదు. 30 మొదలు 45 డిగ్రీల వాలుపై, క్రింద బలహీనమైన పొర దాగియున్నచో, ఒక్క మనిషి బరువునకే కొండచరియ అంతయు కదలవచ్చును. పలక వెడల్పు మనిషిని తేల్చునే కాని అతని బరువును మాయము చేయదు. 2010 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ సమీపమున హిమపాతము శిక్షణలోనున్న సైనికులపై పడి 17 మందిని బలిగొన్నది. మంచు తెలిసిన శిక్షకుల నడుమ ఉన్నవారికే అట్టి ఆపద కలిగినది. మంచులో కూరుకొన్నవానిని పది నిమిషములలో వెలికి తీసిన బ్రతుకు ఆశ మెండు; అరగంట దాటిన మిక్కిలి స్వల్పము. కావున బాట విడిచి పోవువారు జాడ తెలుపు రేడియో పరికరము, పార, తోడు ఒక మనిషి లేకుండ కదలరాదు.

ఆల్తాయి వేటగాని పలక వెడల్పైనది. దానితోపాటు అతనికి తండ్రి నేర్పిన మంచు పరిచయమును ఉండెను. ఎనిమిది వేల సంవత్సరములు తిరిగి వెడల్పు పలక నేడు మరల అంగడికి వచ్చినది. ఆ పరిచయము మాత్రము అంగడిలో దొరకదు. దానిని ప్రతి తరమువారును కొండవద్దకు పోయి, ఓపికతో, తామే సంపాదించుకొనవలెను.